ఐసీయూ తలుపు దాటాక మొదటి మూడు రాత్రులు

"సిస్టరమ్మా, రూముకి మారస్తన్నారంట గదా, ఇంక గండం గడిచినట్టేనా?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నన్ను ఎక్కువమంది అడిగిన మాట ఇదే. నెల్లూరులో నర్సుగా చేరిన కొత్తలో రెండేళ్ళు ఆపరేషన్ థియేటర్లో, మూడేళ్ళు జనరల్ వార్డులో చేశాను. మిగతా పదిహేడేళ్ళూ ఐసీయూనే. అడిగేవాళ్ళ మొహంలో వారం పదిరోజుల తర్వాత కనబడే ఆ కాస్త వెలుగు చూసి, "అంతేనమ్మా, ఇంక భయం లేదు" అనేసేదాన్ని. 2016లో మా నాయన్ని వార్డుకి దించిన రెండో రాత్రితో ఆ మాట అనడం మానేశాను.

నాయనకి అప్పుడు అరవై ఎనిమిది. పొదలకూరు దగ్గర నిమ్మతోట మాది. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము చేరి ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. నేను పనిచేసే చోట కాదు, వేరే ఆస్పత్రి. గొట్టం తీసిన మర్నాడు సాయంత్రం వార్డుకి మార్చారు. మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రాత్రి నా డ్యూటీ దిగి పదకొండింటికి పోయేసరికి మా తమ్ముడు మంచం పక్కన చాప పరుచుకుని కూర్చుని ఉన్నాడు. "ఇప్పుడే నిద్రపోయినాడక్కా, పొద్దుటినుంచీ అలిసిపోయినట్టున్నాడు" అన్నాడు. మాస్కుతో ఆక్సిజన్ నడుస్తా ఉంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్లో 94. బీపీ పైది 130. పల్స్ 108. జ్వరం లేదు. నాకెందుకో ఆ నిద్ర నచ్చలేదు. దుప్పటి పక్కకి తీసి, పొట్ట మీద చూపు నిలిపి, గడియారం పెట్టుకుని నిమిషం లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

కేస్‌షీటు తీసి చూస్తే పొద్దుటినుంచీ ఊపిరి లెక్క రాసే గడిలో 20, 20, 20 అని వరసగా ఉంది. రాసిన పిల్లని తిట్టే హక్కు నాకు లేదు. వార్డులో చేసిన మూడేళ్ళూ నేనూ అట్నే రాశాను. రాత్రిపూట ఇరవై మంచాలకి ఒక్క మనిషి. బీపీ మిషను చెప్తుంది, పల్స్ మిషను చెప్తుంది. ఊపిరి మాత్రం మనిషి నిలబడి నిమిషం చూస్తేనే తెలిసేది, ఆ నిమిషం ఎవరి దగ్గరా ఉండదు.

డ్యూటీ డాక్టర్ని లేపి ఎక్స్‌రే తీయిస్తే ఎడమ ఊపిరితిత్తి కింది భాగం, కఫం అడ్డంపడి మూసుకుపోయి ఉంది. తెల్లారేలోపు మళ్ళీ ఐసీయూకి తీసుకుపోయారు. బతికాడు. ఐసీయూ బయట కుర్చీల్లో, మెట్లమీద, దుప్పటి మూటమీద తల పెట్టుకుని పడుకునే వాళ్ళకోసం, అప్పుడు మా తమ్ముడికి నేర్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

దించడం అంటే ఏంటి

ఐసీయూ నుంచి మార్చడమంటే జబ్బు పోయిందని కాదు. గంటగంటకీ చూడాల్సిన అవసరం తగ్గిందని డాక్టర్లు అనుకున్నారని. ఒక్కోసారి ఆ మంచం ఇంకొకరికి అర్జెంటుగా కావాల్సి వచ్చిందని కూడా. చాలా దేశాల లెక్కల్లో, ఐసీయూ నుంచి బయటికొచ్చిన ప్రతి వంద మందిలో సుమారు నలుగురి నుంచి పది మంది దాకా అదే అడ్మిషన్లో మళ్ళీ ఐసీయూకి పోతారు. అట్లా మళ్ళీ పోయినవాళ్ళలో చావులు ఎక్కువ. మొదటి 48 గంటల్లో ఎంతమంది తిరిగొచ్చారన్నది ఐసీయూ పనితీరుకి ఒక కొలతగానే పెట్టుకున్నారు. నా అనుభవంలో మూడో రాత్రి దాకా కన్ను వేసి ఉంచాలి.

లోపల ఉన్నప్పుడు ఒక నర్సు ఒకరిద్దర్ని చూస్తుంది, తల దగ్గర మానిటర్ అరుస్తుంటుంది. వార్డుకి రాగానే ఆ అరుపు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం చూసి ఇంట్లోవాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, నాకు మాత్రం ఇప్పటికీ అదే భయం.

మార్చే ముందు అడగాల్సినవి

స్ట్రెచర్ కదిలే ముందు ఐదు నిమిషాలు డాక్టర్నో ఐసీయూ సిస్టర్నో ఆపండి. సిగ్గుపడొద్దు.

మొదట, ఇప్పుడు ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నాడు, నిన్న ఎన్ని మీద ఉన్నాడు? తగ్గుతూ వస్తే మంచిదే. రెండోది, బీపీ నిలబెట్టే మందు సిరంజి పంపులో పోతుండేది గదా, ఎప్పుడు ఆపారు? ఈ పొద్దున్నే ఆపి ఈ సాయంత్రమే దించుతుంటే, "ఇంకో రాత్రి ఉంచగలరా సార్" అని అడగండి. కుదరదంటే కుదరదు, అడిగినందుకు ఎవరూ కొట్టరు. మూడోది, ఒంటిమీద ఇంకా ఏయే గొట్టాలున్నాయి, ఏది ఎప్పుడు తీస్తారు? మెడ దగ్గర లైను, యూరిన్ పైపు, ముక్కు గొట్టం, చేతికి సెలైను ఎక్కించే క్యాన్యులా, అన్నీ రాసుకోండి. అవసరం తీరాక మర్చిపోయి ఉంచేసిన గొట్టం దగ్గరే ఇన్‌ఫెక్షన్ మొదలవుతుంది. నాలుగోది, నోటితో తినొచ్చా, ఏం తినొచ్చు? ఐదోది, రాత్రి తేడా చేస్తే ఎవర్ని పిలవాలి?

రాత్రిపూట దించడం మంచిది కాదు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా వీలైనంతవరకూ ఐసీయూ నుంచి వార్డుకి మార్చొద్దని ఇంగ్లండులో 2007లోనే మార్గదర్శకాల్లో రాశారు. మన దగ్గర రాత్రి పన్నెండింటికి దించడం నేను చాలాసార్లు చూశాను, చేశాను కూడా. అట్లా చేయాల్సి వస్తే, దించిన గంటలోపు వార్డు డాక్టరు వచ్చి చూసేలా అడగండి.

ఇంకో మాట. ఏసీ సింగిల్ రూము కోసం తాపత్రయపడొద్దు. "మా మామని జనరల్ వార్డులో పెట్టామంటే చుట్టాలేమనుకుంటారు" అని వరండా చివర ఉన్న డీలక్సు రూము తీసుకుంటారు. తలుపేస్తే లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. మొదటి మూడు రాత్రులూ సిస్టర్ల టేబుల్‌కి ఎదురుగా ఉన్న మంచం అడగండి. ఫ్యాను చప్పుడు చేసినా, పక్క మంచం ముసలాయన దగ్గినా సరే. డీలక్సు రూము నాలుగో రోజుకీ ఉంటుంది.

నోటుపుస్తకం, నిమిషం లెక్క

ఆస్పత్రి ఎదురుగా ఉన్న కొట్లో ఇరవై రూపాయల నోటుపుస్తకం, పెన్ను కొనండి. నాలుగు గంటలకోసారి ఒక వరస. టైము, ఊపిరి, పల్స్, ఆక్సిజన్, బీపీ, జ్వరం, యూరిన్, మనిషి తెలివి. బీపీ, జ్వరం సిస్టర్ చూసినప్పుడు అడిగి రాసుకోండి. ఊపిరి మాత్రం మీరే లెక్కపెట్టాలి.

ఎట్లా అంటే, "నీ ఊపిరి లెక్కపెడతా నాయనా" అని చెప్పొద్దు. చెప్తే మనిషి ఊపిరి తీసే తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోండి, చూపు మాత్రం ఎదమీదో పొట్టమీదో పెట్టండి. ఫోన్లో టైమరు పెట్టి, పైకి లేచి కిందికి దిగితే ఒకటి. పూర్తిగా అరవై సెకన్లు. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే పని పెట్టుకోవద్దు, అందులో రెండు తప్పితే ఎనిమిది తప్పినట్టు. దగ్గేటప్పుడు, మాట్లాడేటప్పుడు, బాత్రూముకి పోయొచ్చిన వెంటనే వద్దు.

పెద్దవాళ్ళకి 12 నుంచి 20 దాకా మామూలు. 21 నుంచి 24 అయితే గంటలో మళ్ళీ లెక్కపెట్టండి. 25 గానీ అంతకు మించి గానీ ఉంటే పిలవండి. 8 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే పరిగెత్తండి. ఒంట్లో తేడా మొదలైతే చాలాసార్లు బీపీ పడిపోవడానికి గంటల ముందే ఊపిరి పెరుగుతుంది.

ఈ అంకెలు నేను కల్పించినవి కావు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక మార్కుల పద్ధతి తెచ్చింది, 2017లో దాన్ని సవరించింది. న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అని పిలుస్తారు. ఊపిరి, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, పైబీపీ, పల్స్, తెలివి, జ్వరం, ఒక్కోదానికి మార్కులు. పరీక్షలో లాగా ఎక్కువ వస్తే సంతోషం కాదిక్కడ. మొత్తం ఐదు గానీ ఆరు గానీ అయితే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, ఏడు గానీ అంతకు మించి గానీ అయితే ఎమర్జెన్సీ. ఏ ఒక్కదానికి మూడొచ్చినా డాక్టరుకి చెప్పాల్సిందే.

మా నాయనకి ఆ రాత్రి వేసి చూడండి. ఊపిరి 34కి మూడు. ఆక్సిజన్ 94కి ఒకటి. మాస్కు ఉన్నందుకు రెండు. పల్స్ 108కి ఒకటి. బీపీకి సున్నా, జ్వరానికి సున్నా, లేపితే కళ్ళు తెరిచి పేరు చెప్పాడు కాబట్టి తెలివికి సున్నా. మొత్తం ఏడు. అందరికీ నిద్రపోతున్నట్టు కనబడిన మనిషి!

పల్స్ 51 నుంచి 90 దాకా సున్నా, 110 దాటితే రెండు, 130 దాటితే మూడు. పైబీపీ 100కి దిగితే రెండు, 90కి దిగితే మూడు. ఆక్సిజన్ 96 గానీ అంతకు పైన గానీ ఉంటే సున్నా, 91కి దిగితే మూడు. ఏళ్ళ తరబడి బీడీ చుట్ట కాల్చి ఊపిరితిత్తులు పాడైన కొందరికి డాక్టర్లే 88 నుంచి 92 మధ్య చాలంటారు, వాళ్ళకి ఆక్సిజన్ ఎక్కువ పెట్టినా ప్రమాదమే. మీ మనిషికి ఎంత ఉండాలో అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

కోవిడ్ తర్వాత ఆక్సీమీటరు లేని ఇల్లు లేదు. మంచిదే, కానీ ఆక్సిజన్ పెట్టిన మనిషికి 95 చూపిస్తే ఆ 95 ఎంత కష్టం మీద వస్తోందో అది చెప్పదు. ఊపిరి లెక్క చెప్తుంది. గోళ్ళరంగు ఉంటే తుడిచి, చేయి చల్లగా ఉంటే రుద్ది, అంకె నిలబడేదాకా ఆగి చూడండి.

రెండింటికి సిస్టర్ని లేపేటప్పుడు

"సిస్టర్, మా నాయన ఎట్టనో ఉన్నాడు, ఒకసారి రాండి" అంటే, "వస్తానమ్మా" అనే జవాబే వస్తుంది. నేనూ అదే అన్నాను, వందసార్లు. అదే మాటని ఇట్లా చెప్పండి: "పద్నాలుగో మంచం. సాయంత్రం ఆరింటికి ఊపిరి ఇరవై రెండు, ఇప్పుడు ముప్పై. పల్స్ తొంభై ఆరు ఉండేది, నూట పద్దెనిమిది అయింది. డ్యూటీ డాక్టర్ని ఇప్పుడే పిలవండమ్మా." అంకె చెప్తే సిస్టర్ చేతికి పని దొరుకుతుంది. ఆమె డాక్టరుకి ఫోన్ చేసి చెప్పడానికి కూడా అదే అంకె కావాలి.

పావుగంటలో ఎవరూ రాకపోతే నైట్ సూపర్‌వైజరుని అడగండి, లేదా నేరుగా ఐసీయూ తలుపు దగ్గరికే పొండి. నిన్నటిదాకా మీ మనిషిని చూసుకున్నవాళ్ళు అక్కడే ఉంటారు. ఊళ్ళో నుంచి పదిమందిని పిలిపించి అరిస్తే మాత్రం డాక్టరు చూపు రోగి మీద నుంచి మీ మీదికి మళ్ళుతుంది. పుస్తకంలో పిలిచిన టైము, వచ్చిన టైము రాయండి. ఆ పుస్తకం చేతిలో కనబడితేనే చాలామంది నడక మారుతుంది.

మొదటి ముద్ద

గొంతులో గొట్టం రెండు మూడు రోజులకి మించి ఉంటే మింగే కండరాలు మొద్దుబారి ఉండొచ్చు. అప్పుడు తిన్నది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వార్డుకి దిగిన రోజే ఇంటినుంచి టిఫిన్ క్యారియర్ వస్తుంది, అక్కడే గొడవ. మా మేనత్త కాఫీ ఫ్లాస్కు తెచ్చి, "పాపం ఎనిమిది రోజులైందే కాఫీ చుక్క తాగి" అని పడుకున్న మనిషి నోట్లో పోయబోయింది. చేయి పట్టి ఆపితే నామీద అలిగి పదిరోజులు మాట్లాడలేదు.

డాక్టరు గానీ ఫిజియో (ఫిజియోథెరపిస్టు) గానీ మింగడం పరీక్షించి సరేనన్నాకే నోటితో ఇవ్వండి. మంచం తలవైపు పూర్తిగా లేపి నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న స్పూనుతో, ఒక్కోటి మింగాక ఇంకోటి. మింగాక "ఆ" అనమనండి. గొంతు తడితడిగా, గరగరమంటూ వస్తే ఆపేయండి. దగ్గినా, కళ్ళల్లో నీళ్ళు తిరిగినా, ఆక్సిజన్ దిగినా ఆపేయండి. నీళ్ళు, టీ, కొబ్బరినీళ్ళు లాంటి పలచటివి మింగడమే కష్టం. చిక్కటి రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం తేలిక. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు, పళ్ళరసాలు డాక్టర్ని అడక్కుండా వద్దు, అందులోని పొటాషియం గుండెని ఆపగలదు. చేపల పులుసు అడిగితే? ముళ్ళు తీసి, కారం తగ్గించి, మింగడం కుదిరాక. మా నాయన అడిగింది మొదట అదే.

మాట తేడా వస్తే

ఒక రోజు నాయన, "కండలేరు కట్ట తెగింది, నీళ్ళొస్తన్నాయి, మోటరు ఎత్తండిరా" అని లేవబోయాడు. మా అమ్మ గాలి సోకిందని దర్గా నుంచి తాయెత్తు తెప్పించింది. కట్టనిచ్చాను, దానివల్ల చెడేదేం లేదు. చెడేదల్లా దాంతో ఆగిపోతేనే. ఐసీయూలో ఉండొచ్చినవాళ్ళలో మతి ఇట్లా తిరగబడటం చాలా మామూలు. నిద్ర లేక, మత్తుమందుల వల్ల, ఇన్‌ఫెక్షన్ వల్ల, ఆక్సిజన్ తగ్గి, సోడియం తగ్గి వస్తుంది. అరిచి గోలచేసే వాళ్ళని అందరూ చూస్తారు. అసలు భయం మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునే రకం, వాళ్ళని "శాంతంగా ఉన్నాడు" అనుకుంటారు. వారాల పేర్లు వెనక్కి చెప్పమనండి: ఆదివారం, శనివారం, శుక్రవారం. నిన్న చెప్పినవాడు ఇవాళ మధ్యలో ఆగిపోతే డాక్టరుకి చెప్పండి. కొత్తగా వచ్చిన అయోమయానికి ఆ న్యూస్ పద్ధతిలో ఏకంగా మూడు మార్కులు.

కళ్ళజోడు, చెవి మిషను తెచ్చి పెట్టండి. పగలు కిటికీ తెరవండి, రాత్రి లైటు తగ్గించండి. "నెల్లూరులో ఉన్నాం నాయనా, ఇవాళ గురువారం" అని చెప్తూ ఉండండి. "నిద్రకి ఏదన్నా ఇంజెక్షన్ వేయండి సార్" అని మీరుగా అడగొద్దు. దగ్గే శక్తే తక్కువ ఉన్న మనిషికి అది ఇంకా ముంచుతుంది.

మిగతావి టూకీగా చెప్తాను. రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, వీపు కింద, పిరుదుల మధ్య, మడమల మీద ఎర్రబడిందేమో చూడండి. ఒక కాలి పిక్క వాచి నొప్పి ఉండి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే అది గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి ఎక్కడం కావచ్చు, తెల్లారేదాకా ఆగొద్దు. అరవై కేజీల మనిషికి గంటకి ముప్పై మిల్లీలీటర్ల యూరిన్ అయినా రావాలి. నాలుగు గంటల్లో టీ గ్లాసుడు కూడా రాకపోతే చెప్పండి. కఫం దగ్గి ఉమ్మేలా కూర్చోబెట్టండి, ఫిజియో పిల్లవాడు రాకపోతే అడిగి రప్పించండి. మా నాయన విషయంలో రెండోరోజు ఎవరూ రాలేదు.

పురుగుమందు, పాముకాటు

మన జిల్లాల్లో ఈ రెండూ విడిగా చెప్పుకోవాల్సినవి. మిరప, పత్తి, పొగాకు చేలున్న కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి, వరి పొలాల కోవూరు వైపు నుంచి ఎంతమందిని తెచ్చారో లెక్కలేదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు లోపలికి పోయినవాళ్ళకి మొదటిరోజు చొంగ, చెమట, వాంతులు. అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్‌తో అవి సర్దుకుంటాయి, మనిషి లేచి కూర్చుని మాట్లాడతాడు, వార్డుకి మారుస్తారు. తర్వాత, మందు లోపలికి పోయిన 24 నుంచి 96 గంటల మధ్య, కొందరికి మెడ వాలిపోతుంది. ఊపిరి కండరాలు కూడా దాంతో పాటే. అట్రోపిన్ దీనికి పనిచేయదు, ఊపిరి చాలకపోతే వెంటిలేటరే దిక్కు.

ఇంట్లోవాళ్ళు చేయగల పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకోబెట్టి దిండు మీద నుంచి తల ఎత్తి నిలపమనండి. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే, ఎత్తినా వెంటనే వాలిపోతే, అప్పుడే పిలవండి. కళ్ళకి ఒకటి రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం కూడా అదే. నాలుగు రోజులూ పూటకి రెండుసార్లు చూడండి. ఖాళీ డబ్బా పారేయకుండా డాక్టరుకి చూపించండి. తాగింది కావాలని అయితే ఆ మంచం పక్కన తిట్లు, విచారణ వద్దు. ఇంటికి పంపేలోపు మానసిక వైద్యుణ్ణి చూపించమని మీరే అడగండి. ఇంటికి పోయేటప్పటికి మందు డబ్బాలు ఇంట్లో ఉండకూడదు.

పాముకాటులో విషానికి విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఉంటుంది. విరుగుడు పడ్డాక కూడా రక్తపింజరి కాటుకి కిడ్నీలు ఆలస్యంగా దెబ్బతినొచ్చు, చిగుళ్ళ నుంచి మళ్ళీ రక్తం కారొచ్చు. యూరిన్ తగ్గిందా, రంగు మారిందా చూడండి. కట్లపాము అయితే కనురెప్పలు వాలుతున్నాయేమో చూడండి.

ఇంటికి పోయేటప్పుడు

డిశ్చార్జ్ రోజు బిల్లు గొడవలోనే గడిచిపోతుంది. ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) కేసైతే ఆ పథకం కౌంటరు దగ్గర సంతకాలు, వేలిముద్రలు. మందుల చీటీ చేతిలో పెట్టి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అనేసి పంపేస్తారు. ఆగండి. ఐసీయూకి రాకముందు ఇంట్లో ఏయే మాత్రలు వేసుకునేవాడో ఆ అట్టలన్నీ కవర్లో తెప్పించి డాక్టరు ముందు పరచండి. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర లోపల ఆపేసి మళ్ళీ మొదలుపెట్టడం మర్చిపోతారు. లోపల తాత్కాలికంగా ఇచ్చిన గ్యాస్ మాత్ర, నిద్రమాత్ర ఆపడం మర్చిపోతారు. ఏది మళ్ళీ వేయాలి, ఏది ఎన్ని రోజులకి ఆపాలి, ఒక్కోదాని పక్కన రాయించుకోండి.

ఉదయగిరి వైపు వాళ్ళకి నెల్లూరు రావాలంటే రెండు గంటలకి పైమాటే. అందుకని మొదటి పదిరోజులూ టౌన్లో చుట్టాలింట్లో ఉండగలిగితే ఉండండి. వేదాయపాళెంలో ఏ మేనమామో, స్టోన్‌హౌస్‌పేటలో ఏ పిన్నమ్మో ఉండకపోరు. కుదరకపోతే మీ ఊరికి దగ్గర ఏ ఆస్పత్రిలో ఆక్సిజన్, డాక్టరు ఇరవై నాలుగ్గంటలూ ఉంటారో ఇప్పుడే తెలుసుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు "ఐసీయూలో ఉండొచ్చిన మనిషి, ఊపిరి ముప్పై ఉంది" అని మొదట అదే చెప్పండి. ఊళ్ళో ఆర్‌ఎంపీకి డిశ్చార్జ్ కాగితం చూపించి, "కిడ్నీ దెబ్బతిని ఉంది, నొప్పుల ఇంజెక్షన్ వేయొద్దు" అని ముందే చెప్పిపెట్టండి. ఆయన మంచివాడే, జ్వరమంటే ఒక సెలైను, ఒక డైక్లో వేయడం ఆయన అలవాటు.

ఒళ్ళంతా ఇన్‌ఫెక్షన్ పాకి బతికి బయటపడ్డవాళ్ళలో సుమారు నలభై శాతం మంది మూడు నెలల్లో మళ్ళీ ఆస్పత్రిలో చేరారని అమెరికా లెక్కలు. 100.4 దాటిన జ్వరం, వణుకు, కొత్త అయోమయం, యూరిన్ తగ్గడం, పెరిగే ఊపిరి, వీటిలో ఏదొచ్చినా "వాతావరణం పడలేదు" అనుకోవద్దు. ఇంకోటి చాలామందికి తెలియదు. కొందరికి వెంటిలేటర్ గొట్టం పెట్టిన చోట గాలిగొట్టం లోపల మచ్చ కట్టి, వారాలకో నెలలకో సన్నబడుతుంది. మెట్లెక్కితే ఈలలాంటి చప్పుడు, ఆయాసం. ఉబ్బసమని ఇన్‌హేలర్లు వాడుతూ తిరుగుతారు. "రెండు నెలల కిందట గొంతులో గొట్టం పెట్టారు" అని డాక్టరుకి మీరే గుర్తుచేయండి.

నీరసం గురించి. ఐసీయూలో పది రోజులుంటే తొడ కండ ఆరో వంతుకి పైగా కరిగిపోతుందని లండన్‌లో కొలిచి 2013లో రాశారు. నెలల తరబడి మతిమరుపు, పీడకలలు, దిగులు కూడా ఉంటాయి. 2010లో డాక్టర్లు కూర్చుని దీన్నంతా కలిపి ఐసీయూ తర్వాతి రుగ్మత అని పేరు పెట్టారు. మా అమ్మ మాత్రం దాన్ని "సోమరితనం" అంది, అమ్మకీ నాయనకీ రెండు నెలలు ఇదే తగువు. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం రోజుకి ఐదుసార్లు, తర్వాత పది. గుడ్డు, పప్పు, చేప, పెరుగు, డాక్టరు కిడ్నీకి వద్దంటే తప్ప. వాకిలి దాకా, తర్వాత వీధి మలుపు దాకా.

తోడు ఉండేవాళ్ళకి. ఇద్దరు వంతులు వేసుకోండి. మా తమ్ముడు రెండు రాత్రులు కన్ను మూయకుండా ఉన్నాడు కాబట్టే మూడోపూటకి ఆ ఆయాసం వాడికి నిద్రలా కనబడింది.

నోటుపుస్తకం మా ఇంట్లో ఇంకా ఉంది, అట్ట మీద నూనె మరక. చివరి పేజీలో నాలుగో నెల రాత, మా తమ్ముడిది: "ఊపిరి 18. పల్స్ 82. నిమ్మతోటకి నడిచి పోయొచ్చినాడు. కాళ్ళు నొప్పులన్నాడు. కూలీలని తిట్టినాడు."